విశ్వాసం వరమైతే, అమ్మ తప్పేంటి?

తమ్ముడు పోయిన పదకొండో రోజో పన్నెండో రోజో, అమ్మ వంటింట్లో కింద కూర్చొని పాత క్యాలెండర్ తిరగేస్తూ కనిపించింది. కిరాణా షాపు వాళ్లిచ్చిన 2018 క్యాలెండర్ అది. గోడకు కొత్త ఏడాదిది వేలాడుతుంటే, దీన్ని బీరువా వెనక నుంచి వెతికి తీసింది. ఉపవాసం ఉన్న రోజు తేదీ చుట్టూ నీలం పెన్నుతో సున్నా చుట్టడం అమ్మకు అలవాటు. శుక్రవారాలన్నిటికీ సున్నాలున్నాయి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నలభై రోజులు వరుసగా ఉన్నాయి. ఒక్కో తేదీ మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది.

"ఏం వెతుకుతున్నవమ్మా?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అక్టోబరు నెలలో ఒక తేదీ మీద వేలు ఆపింది. "గీ రోజు చాయ్ తాగిన బిడ్డా. దవాఖానల రాత్రంత కూసున్న, పొద్దుగాల కండ్లు తిరుగుతుంటే నర్సు ఇచ్చింది. తాగిన. తాగి గూడ సున్నా చుట్టిన."

తమ్ముడికి అప్పటికి ఇరవై ఆరేళ్లు. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. అమ్మ తన కిడ్నీ ఇస్తానంది కానీ షుగర్ ఉందని డాక్టర్లు ఒప్పుకోలేదు. 2019 జనవరిలో ఒక తెల్లవారుజామున వాడు వెళ్లిపోయాడు. ఆ కొడుకు చావుకు కారణం ఏ డాక్టరూ రాయని చోట, ఒక కప్పు చాయ్‌లో అమ్మ వెతుక్కుంటోంది.

ఆ ఆలోచన ఆమె బుర్రలో ఊరికే పుట్టలేదు. జ్ఞాపకార్థ కూడికకు వేరే ఊరి నుంచి ఒక బోధకుడు వచ్చాడు. మా సంఘం అయ్యగారు కాదు, బంధువులెవరో పిలిస్తే వచ్చిన మనిషి. ఆయన ఆవగింజ వాక్యం ఎత్తుకున్నాడు. ఆవగింజంత విశ్వాసం ఉంటే కొండ కదులుతుందని చదివి, ఈ ఇంట్లో ఆ మాత్రం విశ్వాసం ఉండి ఉంటే ఈ బిడ్డ ఈ రోజు మన మధ్య కూర్చొని ఉండేవాడన్నాడు. ముందు వరసలో, కొంగు నోట్లో కుక్కుకొని కూర్చున్న అమ్మ తల ఊపింది. అవును నిజమే అన్నట్టు. ఆ తల ఊపడం నాకు ఇప్పటికీ నిద్రలో కనిపిస్తుంది.

ఇది ఒక్క బోధకుడి మాటైతే నేను ఇంత దూరం రాయను. వరంగల్, హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల నేను వెళ్లిన స్వస్థత కూటాల్లో, ఇళ్లలో పెట్టుకునే కాటేజ్ ప్రేయర్లలో, దవాఖాన మంచాల పక్కన ఈ మాట ఏదో ఒక రూపంలో వింటూనే ఉన్నాను. "విశ్వాసం తగ్గించుకోకండి సిస్టర్." "మీ విశ్వాసం ఇంకా పెరగాలి బ్రదర్." జబ్బు తగ్గితే వాళ్ల విశ్వాసం గొప్పది, తగ్గకపోతే వాళ్ల విశ్వాసం చాలలేదు. అదే నోటితో, అదే వారం, విశ్వాసం దేవుడిచ్చేదని కూడా చెబుతాం. ఈ రెండు మాటలూ ఒకే నోట్లో ఎలా ఇముడుతున్నాయో నాకు అర్థం కాలేదు. ఆరేళ్లుగా దీని మీదే ఆలోచిస్తున్నాను.

మన బైబిల్లో ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో ఉన్న మాట చర్చికి వెళ్లే పిల్లలందరికీ నోటికి వచ్చు. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే." సండే స్కూల్లో ఈ వచనం అప్పజెప్పి నేను ప్లాస్టిక్ సబ్బు పెట్టె గెలుచుకున్నాను. గెలుచుకున్నాను అన్న మాట దగ్గరే అసలు చిక్కు ఉందని చాలా ఏళ్లకు తెలిసింది.

"వరం" అనగానే తెలుగు చెవికి ఏం వినిపిస్తుంది? తపస్సు వినిపిస్తుంది. హిరణ్యకశిపుడు చేశాడు, రావణుడు చేశాడు, భస్మాసురుడు చేశాడు. ఒంటికాలి మీద నిలబడి, తిండి మాని, గాలి మాత్రమే పీల్చి, దేవుడు దిగి రాక తప్పనంత చేస్తే దొరికేది వరం. దేవుడు ప్రత్యక్షమై "నీ తపస్సుకు మెచ్చాను" అన్నాకే వరం. అంటే మనం పడ్డ కష్టానికి ఆయన చెల్లించే కూలి. ఆ మాటను చిన్నప్పటి నుంచి కథల్లో విని పెరిగిన మనిషి, రేపు చర్చిలో "దేవుని వరం" అని చదివితే, ఆ పాత అర్థం చెప్పులిప్పి బయట నిలబడదు కదా. అదీ లోపలికి వస్తుంది. మా అమ్మ నలభై రోజులు ఉపవాసం ఉన్నది ప్రార్థన కోసమే. కానీ ఏ రోజు తప్పిందో వెతకడం మొదలుపెట్టిన క్షణాన అది తపస్సుగా మారిపోయింది. తపస్సులో ఒక్క రోజు భంగమైతే వరం రాదు. అమ్మ లెక్క ఆ లెక్కే.

పోనీ వేరే మాట పెట్టుకుందామా అని ఒకసారి కూర్చొని ఆలోచించాను. ఏ మాట తీసుకున్నా దాని వెనక ఒక లెక్క ఉంది. బహుమతి అంటే పరుగుపందెంలో మొదట వచ్చినోడికి. కానుక అంటే కింది నుంచి పైకి పోయేది, ఆదివారం పళ్లెంలో మనం వేసేది. దానం చేస్తే ఇచ్చినవాడికి పుణ్యం, పుచ్చుకున్నవాడికి తల వంపు. ఇనాం అంటే రాజు కొలువుకు మెచ్చి ఇచ్చిన భూమి. ఇక పెళ్లి కట్నాలంటారా, మా దగ్గర పందిట్లోనే ఒకాయన నోట్‌బుక్ పట్టుకొని కూర్చుంటాడు, ఫలానావారు 516 అని రాసుకుంటాడు. రేపు వాళ్లింట్లో పెళ్లయితే ఆ పుస్తకం తీసి చూసి, ఒక పది ఎక్కువ వేసి చదివించాలి. ఇచ్చిపుచ్చుకోవడం మనకు తెలుసు. ఉత్తగా పుచ్చుకోవడం మాత్రం కష్టం.

అయితే ఒక్క మాట దగ్గర నా వెతుకులాట ఆగింది. ఒడిబియ్యం.

పెళ్లయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తారు. మా చర్చి కుటుంబాల్లో కొందరు ఇది మానేశారు, కొందరు ప్రార్థన చేసి పోస్తారు. మా ఇంట్లో పోస్తారు. నాకు పెళ్లయిన ఐదో ఏట పోసింది బాగా గుర్తుంది. నేను కొత్త చీర కట్టుకొని పీట మీద కూర్చొని కొంగు చాపాను. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, రవిక ముక్క. అమ్మ దోసిట నిండా తీసి పోస్తుంటే కొన్ని గింజలు జారి నేల మీద పడుతున్నాయి, తమ్ముడు పక్కన కూర్చొని ఏరి మళ్లీ నా ఒళ్లో వేస్తున్నాడు. నా ఒడి ఎంత బరువైందంటే లేవడానికి వదిన చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. ఆ బియ్యం కోసం నేనేం చేశాను? ఆ ఇంట్లో పుట్టాను, అంతే. అత్తింట్లో ఎలా ఉంటున్నావని ఎవరూ పరీక్ష పెట్టలేదు. ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. పోయేటప్పుడు అందులోంచే ఒక పిడికెడు తీసి పుట్టింట్లో పెట్టి వచ్చాను. అది కూడా వాళ్లు పోసిన బియ్యమే.

కొంగు చాపడం నా పనే, కాదనను. చాపకపోతే బియ్యం నేలపాలవుతాయి. కానీ నేను కొంగు బాగా చాపాను కాబట్టి బియ్యం వచ్చాయని ఎవరైనా అంటే ఊళ్లో నవ్వుతారు. విశ్వాసాన్ని గురించి మాట్లాడేటప్పుడు మాత్రం మనం సరిగ్గా అదే అంటున్నాం.

ఈ వరం సంగతంతా ఒక రోజు బాపుతో, అంటే మా నాన్నతో చెప్పాను. బాపు కాజీపేట డీజిల్ షెడ్‌లో ముప్పై నాలుగేళ్లు పని చేసి రిటైరయ్యాడు. యూనియన్ మనిషి. చర్చి లోపలికి రాడు. పెళ్లయినప్పటి నుంచి ప్రతి ఆదివారం అమ్మను గేటు దాకా దింపి, ఎదురుగా హోటల్లో పేపర్ చదువుకుంటూ కూర్చొని, ఆరాధన అయ్యాక తీసుకొని వస్తాడు. నేను చెప్పిందంతా విని, "వరమంటే తపస్సే అని నీకెవరు చెప్పిండ్రు?" అన్నాడు.

"మరి?"

"మన బమ్మెర పోతన ఏనుగు ఏం తపస్సు చేసింది? కాలు మొసలి నోట్లె ఉన్నది. లావొక్కింతయు లేదు అన్నది. నా దగ్గర బలం ఇంతన్న లేదు అని. అన్నంక ఏమని పిలిచింది? కావవే వరదా అన్నది. వరాలిచ్చెటోడా అని. అంతకు ముందు ఉన్నడో లేడో అని అనుమానం గూడ పడ్డది. కలడో లేడో అన్నది. అయినా వచ్చిండు గద."

నేను నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను. పాలకుర్తి పక్కనున్న బమ్మెర మాకు ఎంతో దూరం కాదు. స్కూల్లో ఆ పద్యం నేనూ చదివాను. నా వాదనకు అడ్డంగా ఆ ఏనుగు నిలబడుతుందని ఏ రోజూ అనుకోలేదు. వరం అన్న మాటలో తపస్సు ఒక్కటే లేదు, అరుపు కూడా ఉంది. చేతకానివాడి అరుపు. అనుమానంతో కూడిన అరుపు. నేను తెలుగు మాట మీద వేసిన నింద కొంత వెనక్కి తీసుకుంటున్నాను, బాపు వల్ల.

సరిగ్గా అలాంటి అరుపే మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఉంది. మూర్ఛలతో నిప్పులో, నీళ్లలో పడిపోయే కొడుకును ఒక తండ్రి తీసుకొస్తాడు. శిష్యుల వల్ల కాలేదు. "నమ్మువానికి సమస్తమును సాధ్యమే" అంటాడు యేసు. ఆ తండ్రి, "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని అరుస్తాడు. ఆ వాక్యంలో మొదటి సగం చివరి సగాన్ని కొట్టేస్తోంది. నమ్ముతున్నాను అంటూనే నమ్మలేకపోతున్నాను అంటున్నాడు. వెళ్లి విశ్వాసం సరిచేసుకొని రమ్మని యేసు వెనక్కి పంపలేదు. బిడ్డను బాగు చేశాడు. ఇక్కడ నాకు ముఖ్యమైంది ఇంకోటి. ఆ తండ్రి బాగు చేయమని అడిగింది ఒక్క కొడుకునే కాదు, తన నమ్మకాన్ని కూడా. నమ్మకం తన దగ్గర లేదు, ఇచ్చేవాడి దగ్గర ఉందని ఆయనకు తెలుసు. "మా విశ్వాసము వృద్ధిపొందించుము" అని అపొస్తలులే లూకా సువార్తలో అడిగారు. మన దగ్గర తయారయ్యే సరుకైతే అడగడం దేనికి?

ఈ మాట నేను కొత్తగా చెబుతున్నది కాదు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్ అగస్టీన్ మొదట్లో వేరేలా అనుకున్నాడు. కృప దేవునిది, నమ్మడం మాత్రం మనది అని రాశాడు. తర్వాత అపొస్తలుడు పౌలు తన పత్రికలో కొరింథీయులను అడిగిన ప్రశ్న ఆయన్ను పట్టుకుంది. నీకు ఉన్నదాంట్లో ఇంకొకరి నుంచి పొందనిది ఏముంది, పొంది కూడా పొందనట్టు గొప్పలెందుకు అన్న ప్రశ్న. నేను పొరబడ్డానని చనిపోయే ముందు ఏళ్లలో అగస్టీన్ బాహాటంగా ఒప్పుకున్నాడు. అంతటి పండితుడు అలా రాసి పెట్టడం చూస్తే నాకు గౌరవం పెరుగుతుంది. ఆయన పోయాక వందేళ్లకు, 529లో, ఫ్రాన్స్ దక్షిణాన ఓరాంజ్‌లో కూడిన బిషప్పులు విశ్వాసం పెరగడమే కాదు, మొదలవడం కూడా కృప వల్లే అని తీర్మానం చేశారు. సరిగ్గా వెయ్యేళ్లకు, 1529లో, జర్మనీ సంఘ సంస్కర్త లూథర్ పిల్లల కోసం రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకంలో, నా సొంత బుద్ధితో గాని బలంతో గాని యేసును నమ్మలేనని నమ్ముతున్నాను అని చెప్పించాడు. నమ్మలేనని నమ్ముతున్నాను. అమ్మకు ఇది చెప్పినప్పుడు రెండోసారి చెప్పమంది.

ఎఫెసీ వచనంలో "ఇది" అంటే ఏది అని పండితులు కొట్లాడుకుంటారు. గ్రీకులో విశ్వాసం, కృప రెండూ స్త్రీలింగ పదాలు, "ఇది" నపుంసకలింగం. కాబట్టి "ఇది" విశ్వాసం ఒక్కటే కాదు, రక్షణ మొత్తం అని చాలామంది అంటారు. విశ్వాసం దేవుని దానమని గట్టిగా బోధించిన మరో సంస్కర్త కాల్విన్ కూడా ఈ ఒక్క వచనం దగ్గర అలాగే చెప్పాడు. నాకు అది నచ్చింది. తన వాదనకు పనికొస్తుందని వాక్యాన్ని వంచలేదు. అయినా వాదన పడిపోదు. మొత్తం వరమైతే అందులోని భాగం మాత్రం సొంత సంపాదన ఎలా అవుతుంది? పైగా ఫిలిప్పీ సంఘానికి రాసినప్పుడు పౌలు, క్రీస్తును నమ్మడం కూడా మీకు అనుగ్రహించబడింది అని సూటిగానే అన్నాడు. అదే వచనంలో, ఆయన కోసం శ్రమపడడం కూడా అనుగ్రహించబడింది అన్నాడు. ఆ రెండో సగాన్ని మా కూటాల్లో ఎవరూ చదవగా నేను వినలేదు.

ఇక్కడ మా అమ్మమ్మ సంగతి చెప్పాలి. అమ్మమ్మది డోర్నకల్ దగ్గర పల్లె. వాళ్ల అమ్మానాన్నలు బిషప్ అజరయ్య కాలంలో బాప్తిస్మం తీసుకున్నారు. తిరునెల్వేలి వైపు నుంచి వచ్చిన తమిళుడాయన. తెలుగు నేర్చుకొని, 1912లో డోర్నకల్‌కు బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. 1945 జనవరి 1న చనిపోయే దాకా ఎడ్లబండి మీదా కాలినడకనా ఈ పల్లెలన్నీ తిరిగాడు. గుమ్మటాలూ చెక్కిన స్తంభాలూ ఉన్న డోర్నకల్ కేథడ్రల్‌ను 1939లో ప్రతిష్ఠించారు. దాన్ని చూస్తే ఒకవైపు నుంచి గుడిలా, ఒకవైపు నుంచి మసీదులా ఉంటుంది, మధ్యలో సిలువ.

అమ్మమ్మ వాళ్లది దొర గడీకి వెట్టి చేసిన కుటుంబం. వానకాలంలో తిండికి లేక నాగు, అంటే వడ్డీ మీద వడ్లు తెచ్చుకునేవాళ్లు. తెచ్చింది ఒక బస్తా అయితే పంట వచ్చాక దాని మీద ఇంత అని ఎక్కువ కొలిచి పోయాలి. దొర చేతి నుంచి ఏది వచ్చినా దాని వెనక ఒక లెక్క వచ్చేది. పాత బట్ట ఇస్తే పది రోజుల చాకిరి. అలాంటివాళ్ల దగ్గరికొచ్చి ఒకాయన, దేవుడు మీకు ఊరికే ఇచ్చాడు అన్నాడు. మా తాతమ్మ నమ్మలేదట. "ఊకెనే ఎవలిస్తరు? తర్వాత ఏమడుగుతడు?" అని మూడుసార్లు అడిగిందట. అమ్మమ్మ ఈ మాట చెప్పి చెప్పి మురిసిపోయేది. చదువు రాని ఆ మనుషులు పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు చెవులతో విని కంఠస్థం చేశారు. పొలంలో నాట్లు వేస్తూ అప్పజెప్పుకునేవాళ్లట.

వీళ్లను పట్టుకొని పాలపిండి కోసం మతం మారారనేవాళ్లు ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. లెక్క లేకుండా ఇచ్చే చెయ్యి ఒకటి ఉందని మొదటిసారి విన్న మనిషికి ఒళ్లు ఎలా పులకరించి ఉంటుందో, అలా అనేవాళ్లకు తెలియదు. అజరయ్యకు తెలుసు. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో ఆయన తెల్లవాళ్లను నిలబెట్టి అడిగాడు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులనివ్వండి అని. పైనుంచి కిందికి విసిరినట్టు ఇస్తే పుచ్చుకున్నవాడు ఎప్పటికీ కిందే ఉంటాడు. దేవుడిచ్చేది అలాంటి ఇవ్వడం కాదని ఆయన చెప్పిన ఊళ్లలోనే, ఆ తాతమ్మ మునిమనవడి జ్ఞాపకార్థ కూడికలో, మళ్లీ లెక్కల పుస్తకం తెరిచారు. నాగు లెక్కే అది. వడ్ల బదులు విశ్వాసం కొలిచారు.

నాతో ఒప్పుకోని వాళ్లున్నారు, వాళ్ల మాట తేలికైంది కాదు. నజరేతులో వాళ్ల అవిశ్వాసం వల్ల యేసు ఎక్కువ అద్భుతాలు చేయలేకపోయాడని మార్కే రాశాడు. రక్తస్రావమున్న స్త్రీతో, నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను అన్నాడు. మరి విశ్వాసానికి లెక్క లేదంటావా అని మా సంఘంలో ఒక అన్న నన్ను అడిగాడు. నాకు తెలిసింది చెప్పాను. ఆ మాట యేసు ఎవరితో, ఎప్పుడు అన్నాడో చూడమన్నాను. గుంపులో దాక్కొని వణికిపోతున్న ఒక ఆడమనిషిని కుమారీ అని పిలిచి, ధైర్యం చెప్పడానికి అన్నాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని కూర్చోబెట్టి, నీ విశ్వాసం చాలలేదని ఆయన అన్న చోటు నాలుగు సువార్తల్లో ఒక్కటి చూపించమన్నాను. చూపించలేడు, లేదు కాబట్టి. ఉన్నది నాయీను విధవరాలి కథ. ఒక్కగానొక్క కొడుకు పాడె మీద పోతున్నాడు. ఆమె యేసును పిలవలేదు, అడగలేదు, నమ్ముతున్నానని అనలేదు. ఆమె విశ్వాసం గురించి లూకా ఒక్క ముక్క రాయలేదు. యేసు ఆమెను చూసి కనికరపడి "ఏడువవద్దు" అన్నాడు, పాడెను ముట్టాడు.

మా తమ్ముడి పాడెను ఆయన అలా ముట్టలేదు. ఎందుకో నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పే మనిషిని ఇక నేను నమ్మను.

కప్పు ఊడదీసి పక్షవాయువు వాడిని దించిన నలుగురి సంగతి కూడా అంతే. యేసు "వారి విశ్వాసము చూచి" అని ఉంది. పడుకున్నవాడిలో ఎంత ఉందో ఎవరూ తూచలేదు. తమ్ముడు పోయాక ఎనిమిది నెలలు అమ్మ ప్రార్థన చేయలేకపోయింది. మోకరిస్తే మాట వచ్చేది కాదు. మా వీధిలో ఒక ముసలామె ఉండేది, అందరం పెద్దమ్మ అనేవాళ్లం. రోజూ సాయంత్రం వచ్చి అమ్మ పక్కన కూర్చునేది. ఉపదేశం చేసేది కాదు. "నువ్వు అనకు, నేనంట, నువ్వు ఊకె కూసో" అని చెప్పి పరలోక ప్రార్థన ఒక్కటి చెప్పి, చిక్కుడుకాయలు ఈనెలు తీసి పెట్టి పోయేది. ఎనిమిది నెలలు. ఒక రోజు మధ్యలో "మా అనుదినాహారము" దగ్గర అమ్మ గొంతు కలిసింది. ఆ గొంతు అమ్మ సాధించుకున్నదా? అమ్మ ఇప్పటికీ కాదంటుంది. "నాకు ఎట్లచ్చిందో తెల్వదు, వచ్చింది" అంటుంది.

అంతా ఇచ్చేవాడి చేతిలోనే ఉంటే మనం చేతులు ముడుచుకు కూర్చోవాలా అని అడుగుతారు. పెద్దమ్మ చేతులు ముడుచుకోలేదు. వినుట వలన విశ్వాసం కలుగుతుందని రోమా పత్రికలో ఉంది. వినాలంటే ఎవరో ఒకరు నోరు తెరవాలి. దీని మీద ఇంతకంటే పొడుగు చర్చ నాకు అవసరం అనిపించదు.

నన్ను నిజంగా నిద్ర పట్టనీయని ప్రశ్న వేరే ఉంది. ఇచ్చేది ఆయనే అయితే బాపుకు ఎందుకివ్వలేదు?

తండ్రి ఆకర్షిస్తేనే గాని ఎవడూ నా దగ్గరికి రాలేడని యోహాను సువార్త ఆరో అధ్యాయంలో ఉంది. ఆ వచనం మొదటిసారి సరిగా చదివిన రోజు నాకు దేవుని మీద కోపం వచ్చింది. అమ్మకు ఇంత ఇచ్చి, అదే మంచం మీద పడుకునే మనిషికి చుక్క కూడా ఇవ్వకపోవడం ఏంటి? బాపు అబద్ధమాడి ఎరగడు. షెడ్‌లో చెయ్యి నలిగిన తోటి కార్మికుడికి రెండేళ్లు తన జీతంలోంచి పంపాడు. కొడుకు శవపేటికను మోసిన నలుగురిలో తనూ ఒకడు. కొందరు దీనికి, దేవుడే కొందరిని ముందుగా ఎంచుకున్నాడనే ఏర్పాటు సిద్ధాంతం చెబుతారు, కొందరు దేవుడు అందరికీ చాపుతాడు, పుచ్చుకోని వాళ్లదే తప్పు అంటారు. మెథడిస్టులు తమ మూలపురుషుడు వెస్లీ మాట పట్టుకొని, మనిషి కదలక ముందే వచ్చి తట్టే కృప ఒకటుందంటారు. వెస్లీ మాట నాకు కాస్త ఊరటనిస్తుంది, కానీ నా ప్రశ్నను పూర్తిగా మింగలేదు. నా దగ్గర జవాబు లేదు.

జవాబు లేకపోయినా ఒకటి మారింది. చిన్నప్పుడు అమ్మతో కలిసి నేనూ బాపును సాధించేదాన్ని. "ఒక్కసారి లోపలికి రా బాపూ, ఏమైతది?" అని ఏడ్చేదాన్ని. సంఘంలో పెద్దలు ఆయన మనసు రాయి అన్నప్పుడు ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఊరుకోను. ఆయన దగ్గర లేనిదాని కోసం ఆయన్ను తిట్టే హక్కు ఎవరికీ లేదు. నా దగ్గర ఉన్నదానికి నేను గొప్పలు పోయే హక్కు ఎంత లేదో అంతే లేదు. బాపుతో వాదించడం మానేశాను. ఇవ్వాల్సినవాడితో వాదిస్తున్నాను, ప్రతి రాత్రి. పేతురుతో యేసు "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని" అన్నాడు కదా, అలా వేడుకోవడం ఆయనకు తెలుసని నేను పట్టుకున్నాను.

మొన్న వేసవిలో అమ్మకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. నెల రోజులు చదవొద్దన్నారు. పొద్దున్నే నాలుగు వచనాలైనా చదవనిదే అమ్మకు చాయ్ దిగదు. అవును, ఇప్పుడు చాయ్ తాగుతుంది, శుక్రవారాలు కూడా. నేను హన్మకొండ నుంచి రోజూ రాలేను. కోడలు డ్యూటీకి పోతుంది. బాపు కళ్లద్దాలు పెట్టుకొని, "ఎక్కడి దాక అయ్యింది నీది?" అని అడిగాడట.

ఒక ఆదివారం పొద్దున నేను వెళ్లేసరికి ముందు గదిలో చదువుతున్నాడు. రైలు టైమింగ్స్ చదివినట్టు, ఒకే గొంతు, ఎక్కడా ఆగకుండా. లూకా సువార్త. పాత రైల్వే పాసు ఒకటి పేజీల మధ్య గుర్తుగా పెట్టుకున్నాడు. అమ్మ నల్లద్దాలు పెట్టుకొని గోడకు ఆనుకొని వింటోంది. యేసు ఎవరో తెలియదని పేతురు బొంకాక కోడి కూసిన దగ్గర బాపు ఆగాడు. అద్దాలు నుదుటి మీదికి జరిపి, "ఈ పేతురు గింత మాట్లాడి గిట్ల చేసిండేందే?" అన్నాడు అమ్మతో.

"తర్వాత సదువు" అంది అమ్మ.

ఆపరేషనై మూడు నెలలు దాటింది. అమ్మకు ఇప్పుడు చిన్న అక్షరాలు కూడా బాగానే కనిపిస్తున్నాయి. పాసు నిన్న చూస్తే యోహాను ఆరో అధ్యాయం దగ్గర ఉంది.